గీత మీద కొండ

"రిపోర్టొచ్చిందా బాబూ?" పొద్దుట్నించి శాలోమి అల్లుణ్ణి అలా అడగడం ఐదోసారి.

"మెయిల్లో వస్తాదత్తా. మీరెందుకంత భయపడతన్నారు?" ఉదయ్‌కుమార్ ఫోన్లోంచి తలెత్తలేదు.

తప్పు చేయనివాళ్లకు భయమెందుకంటారు గాని, ఫుడ్ ఇన్‌స్పెక్టర్ గడప తొక్కితే ఎవరికైనా గుండె జారుతుంది. చోడవరంలో శాలోమి వండే జిన్‌సెంగ్ బెల్లానికి ఇప్పుడిప్పుడే విశాఖపట్నం దాకా పేరొచ్చింది. గోవాడ చెరకు రసం, కొరియా వేరు పొడి, తింటే నీరసం పోతుందని డబ్బా మీద రాత. ఆ పొడి కలపాలంటూ ఆమె వంటగది తలుపేసుకునేది. కూతురు ఝాన్సీని కూడా రానిచ్చేది కాదు. పాళ్లు రహస్యం కాబోలని ఇంట్లోవాళ్లు అనుకునేవారు. పోయిన వారం ఇన్‌స్పెక్టర్ రెండు డబ్బాలకు సీలు వేసి పరీక్షకు పట్టుకెళ్లాడు. అప్పట్నించీ ఆమెకు అన్నం సయించడం లేదు.

"బెల్లంలో కలిసిపోయిన పొడిని ఎలా కనిపెడతారు బాబూ?"

"కరిగించి సన్నటి గొట్టంలోంచి పంపిస్తారత్తా. అందులో ఏ పదార్థానికదే విడిపోయి, దాని టైముకది బయటికొస్తాది. కంప్యూటర్లో గీత నడుస్తంటాది. జిన్‌సెంగ్ సారం వచ్చేసరికి ఆ గీత కొండలా లేస్తాది."

"లేవకపోతే?"

"మోసం కింద కేసు. జైలు కూడా ఉండొచ్చు. మనకెందుకత్తా ఆ గొడవ?"

శాలోమి గోడకానుకుని కూర్చుని ప్రభువును తలుచుకుంది. పక్కనే ఝాన్సీ పాలపొడి కలిపి, సీసా చంటాడి నోటికందించింది.

అల్లుడి ఫోన్ టింగుమంది.

"వచ్చేసిందత్తా. సారం ఉండాల్సినంతా ఉందట. సూడండి, కొండ ఎంత నిటారుగా లేచిందో."

ప్రాణం లేచి రావలసిన శాలోమి, ఆ గీతను చూస్తూ ఇంకా పాలిపోయింది.

"ఏ లాబ్ బాబూ ఇది?"

"పెద్ద లాబే. మన చంటోడి పాలడబ్బా మీద లేదూ, అదే ముద్ర. ఆ పాలపొడిని పరీక్ష చేసి మంచిదన్నదీ వీళ్లే."

శాలోమి ఒక్క ఉదుటున లేచి పసివాడి నోట్లోంచి సీసా లాగేసింది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు.

"ఏటమ్మా ఇది?" ఝాన్సీ బిడ్డను గుండెకు హత్తుకుంది. "అంత పెద్ద లాబ్ పాస్ చేసిన పాలు కదా?"

శాలోమి కూతురి మొహంలోకి చూడలేక తల దించుకుంది.

"ఆ బెల్లంలో నేను జిన్‌సెంగ్ ఎన్నడూ కలపలేదే."