కొలిమి చూసిన కొక్కెం

కాల్చనిదే ఇనుముకు బలం రాదని కొలిమి పట్టిన ప్రతివాడూ నమ్ముతాడు. కమ్మరి మౌనాచారీ నమ్మాడు. ఇప్పుడు చెంచాల నుంచి వంతెనల దాకా అంతా చల్లగానే నలిపి నలిపి, లోపలి రేణువులను సన్నం చేసి బలం తెచ్చిన లోహమే. కూతురు కాళిక చిటికెనవేలంత కొక్కేనికి వేలాడుతూ అరవై అంతస్తుల మేడల అద్దాలు తుడుస్తుంది.

"నీ కొక్కేన్ని రాత్రి ఎర్రగా కాల్చి చల్లార్చానమ్మా. ఇక ఏనుగునైనా మోస్తుంది."

"అయ్యో నాన్నా! దానికి సెగ తగలకూడదు! రేణువులు మళ్లీ పెద్దవై బలమంతా పోతుంది!"

"నాకే చెబుతావుటే? చూడు!"

దూలానికి కొక్కెం బిగించి, ఇసుకబస్తా తగిలించాడు. కొక్కెం మైనంలా సాగి తెరుచుకుంది. బస్తా నేలపై పడి పగిలింది.

బస్తా బరువు యాభై కిలోలు. కాళిక బరువు యాభై రెండు.