గలీనా ఆంటీ మీద మీమ్

"భాయ్, ఆ మీమ్ ఇప్పుడే తీసీ! నా కొంప ముంచీసినావ్!"

రష్యాలో డాక్టర్ చదువుతున్న చెల్లెలు ఫిజా ఫోన్లో అలా అరిచేసరికి, పాత పోస్టాఫీసు దగ్గర తన ఫ్లెక్సీల షాపులో కూచున్న షానవాజ్ చేతిలో టీ ఒలికిపోయింది.

"ఏ మీమ్?"

"మా హాస్టల్ వార్డెన్ గలీనా ఆంటీ మీద ఏసినావు కదా, అదే!"

రష్యా మీద మీమ్‌లు వెయ్యడం షానవాజ్‌కి సరదా. ఎలుగుబంటి మీద ఆఫీసుకెళ్ళే గుమాస్తా, మంచులో కూచుని ఐస్‌క్రీం తినే తాత... వాడి పేజీకి గాజువాక నుంచి భీమిలి దాకా అభిమానులున్నారు. నిన్న చెల్లెలు పంపిన ఫొటోలో, గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డ గలీనా ఆంటీని చూసి ఆగలేకపోయాడు. ఫొటో కింద ఇలా రాశాడు: "మా ఊళ్ళో ఎవరు గెలుస్తారో ఓట్లు లెక్కెట్టేదాకా తెలీదు. ఈవిడకి నామినేషన్లకి ముందే తెలుసు."

"తెలుగులో ఏసినాను కదే! ఆవిడకెలా తెలిసిపోనాది?"

"మా సీనియర్ హిమబిందు అది సూసి పడీపడీ నవ్వింది. ఆంటీ ఫోన్ లాక్కుని తన ఫొటో సూసీసింది. అర్థం సెప్పేదాకా వదల్లేదు. ఎలచ్చన్ల మీద ఇలాటి జోకులు ఇక్కడ పైకి అనరు భాయ్! నన్ను తన గదిలోకి రమ్మంది. హాస్టల్లోంచి గెంటీస్తే ఎక్కడికెళ్ళను?"

షానవాజ్ గబగబా మీమ్ తీసేశాడు. అప్పుడే క్యారేజీ తెచ్చిన తల్లి మహబూబున్నీసా అంతా వింది.

"నీ నవ్వులాటకి పిల్ల సదువు పోతాది రా! నాను మాటాడతాను. ఆవిడ దగ్గరకెళ్ళి వీడియో ఎట్టమను."

కాసేపటికి తెర మీద గలీనా ఆంటీ కనిపించింది. ముఖం రాయిలా ఉంది. మహబూబున్నీసా పైట తల మీదకి లాక్కుని దణ్ణం పెట్టింది.

"అమ్మా, తప్పయిపోనాది. మావోడొట్టి ఎదవ. వాణ్ణి ఏటన్నా పడతాడు. నా కూతుర్ని మాత్రం ఏటీ అనకు తల్లీ."

ఫిజా ఏడుస్తూనే ఆ మాటలు రష్యన్‌లో చెప్పింది. గలీనా ఆంటీ లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టింది. కిటికీ కూడా మూసేసింది.

ఆవిడ వెనక్కొచ్చి, ఫోన్‌కి బాగా దగ్గరగా కూచుని, గుసగుసగా చాలాసేపు ఏదో చెప్పింది. వింటున్న ఫిజా ఏడుపు ఆపి నోరెళ్ళబెట్టింది.

"ఏటంటంది?" తల్లీకొడుకులు ఒకేసారి అడిగారు.

ఫిజా కూడా గొంతు తగ్గించింది. "తన ఫొటో మాత్రం ఎయ్యొద్దంట. ఇలాటి జోకులు ఏళ్ళ తరబడి కడుపులోనే దాసుకుందంట భాయ్! రోజుకోటి సెప్తాదంట. ఇక్కడెవులికీ అర్థం కాకుండా, అన్నీ తెలుగులో ఏసీమంటంది!"