తేనె రంగు దగ్గర దించాలి

ఇప్పుడు దీపాలు ఎవరూ కొనడం లేదు. వెలుగునిచ్చే పొడి తెచ్చుకుని ఇంట్లోనే నూనెలో కాచుకుంటున్నాం. కాగేకొద్దీ అందులోని పలుకులు పెరిగి, వెలుగు నీలం నుంచి ఆకుపచ్చకు, పసుపుకు, తేనె రంగుకు, చివరికి ఎరుపుకు మారుతుంది. కావలసిన రంగు రాగానే దించి సీసాలో పోసుకోవాలి. దాటితే వెనక్కి రాదు. ఇదంతా పుస్తకాలు చూసి నేర్చుకుని, వీధిలో అందరికీ పాఠం చెప్పేది నేనే.

ఎదురింటి మస్తాన్‌బీ బట్టలు కుడుతుంది. ఆ రోజు మకాం కావలికి మారుస్తోంది. తేనె రంగు వెలుగులో తప్ప ఆమె కళ్ళకు దారాల తేడా తెలియదు. దీపం కాచి ఇస్తానని నేనే మాటిచ్చాను.

మొదటి గిన్నె ఎర్రబడింది. రెండోదీ అంతే. తేనె రంగు కళ్ళముందే వచ్చింది, ఇంకొక్క క్షణం చూద్దామని నిలబడిపోయాను. బస్సు మలుపు తిరిగాక కూడా చెయ్యి ఊపుతూ ఉండే మనిషిని, నాకు దించడం ఎక్కడ చేతనవుతుంది?

బయట ఆటోవాడు హారన్ కొట్టాడు.

"అక్కా, ఇంకెంత పొడి ఉంది?" అంది మస్తాన్‌బీ.

"ఒక్క గిన్నెకి."

"అయితే నువ్విట్టా జరుగు. నన్ను పంపటం ఇష్టంలేక మాడుస్తన్నావు. అన్ని పుస్తకాలు చదివావు, ఆ ముక్క తెలవలా నీకు?"

"కాదే, మంట ఎక్కువైంది" అన్నాను. మంట సన్నగానే ఉంది.

తేనె రంగు రాగానే ఆమె పట్టకారుతో గిన్నె దించేసింది. సీసాలో పోసి, మూత బిగించి, నా గడ్డం పట్టుకుని ఊపి, ఆటో ఎక్కింది.

నెల రోజులుగా మా వంటిల్లు ఆ రెండు గిన్నెల దీపంతో ఎర్రగా వెలుగుతోంది. ఎవరైనా అడిగితే, కావాలనే అలా కాచానని చెబుతున్నాను.