గోడ చప్పుడు

మొదటి దెబ్బకే హర్ష గుమ్మంలో వెల్లకిలా పడ్డాడు. లేవబోతుంటే చక్రి డొక్కలో తన్నాడు.

"మా చెల్లి మీద చెయ్యేస్తావురా?"

చక్రి, అతని తమ్ముడు చల్లపల్లి నుంచి బండి మీద పటమట వచ్చారు. పొద్దున్నే పక్క పోర్షన్లో ఉండే సంపూర్ణమ్మే వాళ్ళకి ఫోన్ చేసింది. "రోజూ గోడ దబదబలాడుతోంది బాబూ. మొన్న మధ్యాహ్నమైతే మా అలమార్లో గిన్నెలు కిందపడ్డాయి. మీ చెల్లి నుదుటి మీద బొప్పి చూశాక నాకు అన్నం సయించలేదు."

ఆ బొప్పి ఇప్పుడు అందరికీ కనిపిస్తూనే ఉంది. సింధూరి వంటగది గోడకి ఆనుకుని, రెండు చేతులతో చెవులు మూసుకుని నిలబడింది. ఏడాది కొడుకు సంపూర్ణమ్మ చంకలో గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"నేను కొట్టలేదు బావా," అన్నాడు హర్ష. పెదవి చిట్లి రక్తం కారుతోంది.

"మరి బొప్పెలా వచ్చింది? చెప్పరా!"

హర్ష నోరు తెరిచాడు. సింధూరి వద్దన్నట్టు తల ఊపింది. హర్ష నోరు మూసుకున్నాడు.

"చూశావా అన్నయ్యా, ఎలా బెదరగొట్టి పెట్టాడో!" తమ్ముడు బెల్టు తీశాడు.

అసలు వాళ్ళ కోపం నెల నుంచీ ఉంది. కాన్పయ్యాక పిల్లాడి ఏడుపు తట్టుకోలేకపోతోందని హర్షే సింధూరిని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ చాలా అడిగింది. ఇది ఆటిజం, పుట్టుకతోనే ఉంది, ఎవరూ కనిపెట్టలేదు అంది. సింధూరి ఆ సాయంత్రమే తల్లికి ఫోన్ చేసింది. "నాది పొగరు కాదంటమ్మా!"

ఇరవై ఆరేళ్ళుగా విన్న మాట అది. పెళ్ళిలో బ్యాండుమేళానికి చెవులు మూసుకుంటే పొగరు. చుట్టాల మొహం చూసి పలకరించకపోతే పొగరు. ఆ రోజు ఫోన్లో నవ్వింది, ఏడ్చింది.

అన్నలకి మాత్రం ఇంకోలా అర్థమైంది.

"ఆటిజమా? అది చంటిపిల్లలకొచ్చే జబ్బురా! పిల్లాడి తల్లికి అంటగడతావా? పిచ్చిదని చెప్పి వదిలించుకుందామనేగా!" చక్రి రొప్పుతున్నాడు. "చిన్నప్పుడు ఇలా చెవులు మూసుకుంటే మేం రెండు పీకేవాళ్ళం. దార్లోకొచ్చేది. ఏ డాక్టరూ అక్కర్లేకపోయింది."

బెల్టు లేచింది. హర్ష చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చక్రి ఆ చేతిని గుంజి పైకెత్తాడు. చెయ్యి వెనకవైపు బన్నులా ఉబ్బి ఉంది. కణుపుల మీద తోలు లేచిపోయి, పాత పుండ్ల మీద కొత్త పుండ్లు.

"చూడండి పిన్నిగారూ! కొట్టీ కొట్టీ వాచిన చెయ్యి!"

"ఆటోనగర్లో ఇనుం వంచే చెయ్యి నాయనా అది," అంది సంపూర్ణమ్మ ముక్కు చీదుతూ. "పిట్టలాంటి పిల్ల, ఏం తట్టుకుంటుంది?"

చక్రి ఆ వేళ్ళని వెనక్కి విరిచాడు. టక్కుమంది. హర్ష పెట్టిన కేకకి పిల్లాడు ఒక్క క్షణం ఏడుపు ఆపేశాడు.

"బట్టలు సర్దవే సింధూరీ. ఇవాళ్టితో వీడికీ నీకూ చెల్లు. పిల్లాణ్ణి తీసుకుని పోదాం."

సింధూరి కదల్లేదు. పెదవులు ఆడుతున్నాయి గానీ మాట రావడం లేదు.

"నోరు పడిపోయిందా? కదులు!" చక్రి ఆమె భుజం పట్టి ఊపేశాడు. తమ్ముడు అటక మీది సూట్‌కేసు లాగాడు. దాంతోపాటు ఇత్తడి బిందె, స్టీలు డబ్బాలు దభేలున గచ్చు మీద పడ్డాయి. పిల్లాడు మళ్ళీ అందుకున్నాడు.

సింధూరి అన్న చెయ్యి విదిలించుకుంది. గోడ వైపు తిరిగి మోకాళ్ళ మీద కూలబడింది.

అది చూసి హర్ష నేల మీద గబగబా పాకుతూ వచ్చాడు.

"పట్టుకోండి బాబూ వాణ్ణి! పిల్లని చంపేస్తాడు!" అని అరిచింది సంపూర్ణమ్మ.

సింధూరి నుదురు గోడకేసి విసురుగా వెళ్ళింది. హర్ష రోజూలాగే, విరిగిన వేళ్ళతోనే, అరచెయ్యి ఆమె వైపు తిప్పి గోడకీ నుదుటికీ మధ్య పెట్టాడు.