ఎదురు గది ఫోను

"మళ్లా పెట్టిండు సూడు!"

స్వరాజ్యానికి ఒళ్ళు మండిపోయింది. పంజాగుట్ట లేడీస్ హాస్టల్లో పొద్దుటి నుంచి చపాతీలు ఒత్తి ఒత్తి వచ్చిన మనిషి. కాస్త నడుం వాలుద్దామంటే ఇదొకటి!

అమీర్‌పేటలో ఆ మేడ మీద ఎదురెదురుగా రెండు గదులు. ఒకదాంట్లో తల్లీకూతుళ్ళు. రెండోదాంట్లో తారక్, ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చినవాడు. స్వరాజ్యం కూతురు చంద్రిక ఆన్‌లైన్ క్లాసు మొదలయ్యే వేళకి రోజూ తన ఫోను కిటికీలో నిలబెడతాడు.

"నీ వీడియో తీస్తుండు వాడు!"

"క్లాసు నడుస్తుంది, జర ఆగే అమ్మా."

తల్లీకూతుళ్ళకు ఉన్నది ఒక్కటే ఫోను. రీచార్జి అయిపోయి ఎన్నాళ్ళయిందో. పాస్‌వర్డు లేని నెట్ ఏదో అందుతుంటే, కింద ఉండే ఓనరు రామ్మోహనరావు గారి పుణ్యమే అనుకున్నారు. ఊరికే తినే రకం కాదు స్వరాజ్యం. అందుకే రోజూ ఆయన వాకిలి ఊడ్చి ముగ్గేస్తుంది. ఎందుకమ్మా అని ఆయనా ఏనాడూ అడగలేదు.

రేపే చంద్రికకు ఆన్‌లైన్ పరీక్ష. గట్టెక్కితే కోచింగ్ ఫ్రీ. లేదంటే చదువుకు నీళ్ళొదులుకోవడమే. ఇప్పుడా వీడి పీడ?

తిన్నగా ఓనరు దగ్గరికి పోయింది.

"సారూ, వాడు నా బిడ్డ వీడియో తీస్తుండు. వాడన్న ఉండాలె, మేమన్న ఉండాలె."

ఆడపిల్ల మాట. ఆయన ఎదురు ప్రశ్నే వెయ్యలేదు. సాయంత్రానికల్లా తారక్ బ్యాగు సర్దుకున్నాడు.

"ఆంటీ, రేపు పాపకి పరీక్ష కదా. అదయ్యేదాకా ఉండనివ్వండి. నేను చెప్పేది..."

"నా బిడ్డ పరీక్షతోని నీకేం పనిరా? సిగ్గు లేదు?"

తారక్ తల దించుకుని మెట్లు దిగాడు. హమ్మయ్య, పీడ విరగడైంది అనుకుంది.

తెల్లారి, ఇంకాసేపట్లో పరీక్షనగా చంద్రిక ఏడుపు లంకించుకుంది.

"అమ్మా, నెట్ వస్తలేదే! నిన్న సాయంత్రం సంది లేదు, మళ్లా వస్తదనుకున్న!"

స్వరాజ్యం పడుతూ లేస్తూ కిందికి ఉరికింది.

"సారూ, నిన్నటి సంది మీ నెట్ వస్తలేదు, జర పెట్టుండ్రి. మీ కాల్మొక్త!"

"మాకు నెట్ ఎక్కడిదమ్మా?" అన్నారు రామ్మోహనరావు గారు, చదివే పేపరు పక్కన పెట్టి. "అసలు పెట్టించుకోనే లేదు. ఏంటి, నిన్నటిదాకా వచ్చిందా?"

నిన్నటిదాకానే. తారక్ బ్యాగు భుజానేసుకునేదాకా.

స్వరాజ్యం వాకిట్లో తానేసిన ముగ్గు వైపు చూసింది. వీడియో తీస్తున్నాడని తాను తరిమేసిన ఆ పిల్లాడు, గోడలు దాటి సిగ్నలు అందదని తన ఫోను కిటికీలో పెట్టి, అందులోని నెట్‌తోనే ఇన్నాళ్ళూ తన బిడ్డకు చదువు అందించినవాడని అప్పుడు తెలిసింది.