ఇరవై మూడో నంబరు కింద సున్నాలు

ఆట అయ్యాక అందరి చొక్కాలూ ఎర్రమట్టి కొట్టుకుని ఉంటే, ఇరవై మూడో నంబరు చొక్కా ఒక్కటి ఇస్త్రీ పెట్టెలోంచి తీసినట్టు ఉండేది.

"వీడు ఆటకొచ్చాడా, పెళ్లికొచ్చాడా?" అని బట్టలుతికే నెట్టీ నవ్వేది.

ఆ చొక్కా క్వెంటిన్ మాబ్రీది. అమెరికాలోని అలబామాలో, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో, అవతలివాళ్లను అడ్డుకునే పదకొండు మందిలో ఒకడు. మైదానం అంచున నిలబడి, అవతలి జట్టులో అందరికన్నా వేగంగా పరిగెత్తేవాడికి కాపలా కాస్తాడు.

నా పని పైన అద్దాల గదిలో కూర్చుని గీతలు గీయడం. బంతి చంకన పెట్టుకుని దూసుకొచ్చేవాడిని ఎవరు పడదోస్తే వాళ్ల నంబరు కింద ఒక గీత. గాల్లో వచ్చే బంతిని ఎవరు ఆపితే వాళ్లకి ఇంకో గీత.

ఇరవై రెండేళ్లలో ఒక్క గీత కూడా తప్పు పడలేదు.

క్వెంటిన్ కింద ఎప్పుడూ సున్నాలే.

ఎందుకో నాకు తెలుసు. వాడున్న వైపు ఎవరూ బంతి విసిరేవారు కాదు. విసరబోయి, వాణ్ణి చూసి, చెయ్యి ఆపుకుని ఇంకోవైపు తిరిగేవారు.

విసరని బంతికి నా కాగితంలో గడి లేదు.

ఆ ఏడాది పదకొండు ఆటల్లో తొమ్మిది గెలిచాం. పాత కోచ్ ఇంకా పెద్ద కాలేజీకి వెళ్లిపోయాడు. డిసెంబరులో కొత్త కోచ్‌గా వచ్చిన టిల్లరీ నా కాగితాలన్నీ బల్ల మీద పరిచాడు.

"ఓపల్ గారూ, ఈ ఇరవై మూడు ఏడాదంతా ఏం చేశాడండీ? ఊరికే నిలబడ్డాడా?"

నేను కాగితాల అంచులు సరిచేశాను.

"వీడి స్కాలర్‌షిప్ ఇంకొకడికిస్తే పోలా? మీ లెక్కలో తప్పేమన్నా ఉందంటారా?"

విసరని బంతుల సంగతి చెబుదామనుకున్నాను. కానీ ఆయన అడిగింది నా లెక్క గురించి. ఇరవై రెండేళ్ల గర్వం అడ్డుపడింది.

"తప్పేం లేదండీ," అన్నాను.

వారం తిరక్కుండా, స్కాలర్‌షిప్ పోయిన క్వెంటిన్ భుజాన సంచితో నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఓపలమ్మా, పైనుంచి మీకు అంతా కనిపిస్తుంది కదా. నేను కనిపించానా?"

"కనిపించావు నాయనా."

"మరి రాయలేదేం?"

నేను పెన్సిలు చెక్కుకోసాగాను. వాడు తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లిపోయాడు.

మళ్లీ సెప్టెంబరు వచ్చింది. వాడి చోట గార్లండ్ అనే కొత్త కుర్రాడు నిలబడ్డాడు.

మొదటి బంతి అటే వచ్చింది. రెండోదీ అటే. ఆ తర్వాత అవతలివాళ్లు ఇంకోవైపు చూడటమే మానేశారు.

గార్లండ్ వాళ్ల వెంట పడి, పదిహేను గజాలు పోయాక ఎలాగో పడదోసేవాడు. పదిహేను గజాలు పోయాక పడదోసినా గీత గీతే.

అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం, అటు ఇంకో బంతి వెళ్లింది.

"ఇరవై మూడు!" అని అరిచాను.

పక్కన కూర్చుని నేను చెప్పే నంబర్లు కంప్యూటర్‌లో ఎక్కించే వెండెల్ చేతులు ఆగిపోయాయి.

"ఇరవై మూడేంటండీ? ఆ నంబరు ఈ ఏడాది ఎవరికీ ఇవ్వలేదు."

కిందికి చూశాను. నేల మీద పడి ఉన్నది గార్లండ్.

కానీ నేను చూశాను. మోకాళ్లు కొద్దిగా వంచి, చేతులు వదిలేసి, చడీచప్పుడూ లేకుండా నిలబడ్డ మనిషిని చూశాను.

ఆ తర్వాత ప్రతి శనివారం వాడు అక్కడే ఉండేవాడు. కాగితంలోకి తల దించితే ఉండడు. తలెత్తితే ఉంటాడు.

చచ్చినవాళ్లు కనిపిస్తారని విన్నాను. క్వెంటిన్ బతికే ఉన్నాడు. ముప్ఫై మైళ్ల దూరంలో కోళ్ల ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు.

ఆ ఏడాది ఎనిమిది ఆటలు ఓడిపోయాం. మాతో పోటీపడే కాలేజీలన్నిటిలోకీ ఎక్కువ మందిని పడదోసినందుకు గార్లండ్‌కి షీల్డు ఇచ్చారు. లెక్క నాదే. ఒక్క తప్పూ లేదు.

షీల్డు ఇచ్చిన మర్నాడు ఆదివారం. చర్చి అయ్యాక, పీచ్ పళ్ల జామ్ సీసా ఒకటి పట్టుకుని మాబ్రీ వాళ్లింటికి వెళ్లాను.

వాళ్లమ్మ బెర్నిస్ తలుపు తీసింది. కాలేజీ నుంచి వచ్చానంటే వరండాలో కుర్చీ వేసింది. చల్లటి టీ ఇచ్చింది.

"శనివారాలు నాకు ఆసుపత్రిలో డ్యూటీ అండీ. వాడి ఆట ఒక్కటీ చూళ్లేదు," అంది. "ఆదివారం పేపరు కొని వాడి పేరు వెతుక్కునేదాన్ని. అందరి పేర్లూ ఉండేవి."

జామ్ సీసా ఇంకా నా ఒళ్లోనే ఉంది.

"వాడు సామాను పట్టుకొచ్చిన రోజు నోరు జారాను. 'ఒరేయ్, నిజంగా ఆడావా? బెంచీ మీద కూర్చుని, ఆడుతున్నానని నాకు అబద్ధం చెప్పావా?' అనేశాను."

"ఏమన్నాడు?"

"సంచి తీసుకుని లోపలికెళ్లిపోయాడండీ. అప్పట్నుంచీ ఆట మాటే ఎత్తడు."

గ్లాసు కింద పెట్టాను.

"మీవాడికి భయపడి అవతలివాళ్లు అటు బంతే విసిరేవారు కాదమ్మా. ఏడాదంతా. నేను చూశాను. అడిగినప్పుడు చెప్పలేదు."

నా గొంతు నాకే సరిగ్గా వినిపించలేదు.

బెర్నిస్ లేచి, వరండాలోకి ఉన్న తలుపు బార్లా తెరిచింది.

"ఇంకోసారి చెప్పండి," అంది. "కొంచెం గట్టిగా. వాడు లోపలే ఉన్నాడు."