ఏడు రంగుల దారాలు

"నల్ల అల్లం పిల్ల ఎవరమ్మా ఇక్కడ?"

వానకు తడిసిన ఒక కొండ ముసలామె, వీపున వెదురు బుట్టతో ప్రయోగశాల గుమ్మంలో నిలబడి అడిగింది.

దరుణీకి ఒళ్ళు మండింది.

మూడేళ్ళ కిందటైతే ఆ పిలుపు తనది. ఇప్పుడు లోయి పట్నంలో నల్ల అల్లం అంటే, తన తర్వాత ప్రయోగశాలలో చేరిన ఒరతై.

గోడ మీది రెండు డి.ఎన్.ఏ. గీతల ఫోటోలే అందుకు సాక్ష్యం. ఒకటి తనది, ఒకటి ఒరతైది.

అప్పట్లో దరుణీ ఒక కొండ ఊళ్ళో ముప్పై ఆరు పెరళ్ళు తిరిగి ముప్పై ఆరు నల్ల అల్లం మందు దుంపలు తెచ్చింది. డి.ఎన్.ఏ. మార్కర్లతో చూస్తే అన్నింటికీ అవే గీతలు. ఒకే దుంపను ముప్పై ఆరు ముక్కలు చేసినట్టు!

ఒరతై తెచ్చిన పన్నెండింటిలో ఏ రెండింటికీ పోలిక లేదు. ఎక్కడివంటే, "మంచి చోటివక్కా" అని కన్నుగీటేది.

"నెలాఖరుకల్లా కొత్త రకాలు దొరక్కపోతే నీ పరిశోధన ఆపేద్దాం. ఒరతై చూసుకుంటుంది" అని ఆచార్యులు చెప్పి వారమయింది.

ఒరతై ఊరుకుందా?

"తవ్వేముందు మొక్కను అడిగి, దాని మొదలు దగ్గర గుప్పెడు బియ్యం పోసేదానివి కదక్కా! ఆ మర్యాదకు మొహమాటపడి అన్నీ ఒకేలాంటివి ఇచ్చినట్టున్నాయి!" అంది అందరి ముందూ.

అది అమ్మమ్మ నేర్పిన అలవాటు. అందరూ పగలబడి నవ్వారు.

నవ్వితే ఒరతై బుగ్గన సొట్ట పడుతుంది. దరుణీకి ఆ సొట్ట కూడా గిట్టదు.

"ఆ పిల్లతో ఏం పనవ్వా?" మాస్కు తీయకుండానే అడిగింది దరుణీ.

"ఒకటి ఇవ్వాలి తల్లీ. పేరు తెలీదు. నువ్వేనా? పొర కమ్మిన కళ్ళు, ఆనడం లేదు."

"నేను కాదు. ఆమె ఇంకా రాలేదు."

"నా బస్సుకు వేళయిందే!"

ముసలామె బుట్ట దించి మూత తీసింది. అరిటాకులో చుట్టిన ఏడు పొట్లాలు. ఒక్కోదానికి ఒక్కో రంగు దారం.

ఏడు రకాలు!

ఓహో, ఒరతై గుట్టు ఇదన్నమాట. తాను మోకాళ్ళు చెక్కుకుపోయేలా కొండలెక్కితే, మహారాణిగారికి గుమ్మంలోకే బుట్టలొస్తున్నాయి!

"నాకివ్వు. నేనిస్తాలే."

"మరిచిపోవు కదా? ఈ వారంలోనే మట్టిలో పెట్టాలి. ఇవి పోతే మళ్ళీ లేవు."

"మరిచిపోను."

అత్తారింటికి వెళ్ళే పిల్ల తల నిమిరినట్టు, ముసలామె ఒక్కో పొట్లాన్నీ నిమిరింది. వాటితో ఏదో గొణిగింది. వెళ్ళిపోయింది.

దరుణీ బుట్టను బల్ల మీద పెట్టి చాలాసేపు చూసింది.

తాను ఉంచుకుంటే దొంగతనం. ఇస్తే గోడ మీద ఒరతైకి ఇంకో ఫోటో, ఇంకో సొట్ట.

మూలన ఆటోక్లేవ్ ఉంది. ప్రయోగశాల చెత్తను ఆవిరిలో ఉడికించి చంపే యంత్రం.

ఏడు పొట్లాలూ అందులో పడేసి మీట నొక్కింది.

లోపల ఆవిరి బుసకొట్టింది. ఆమె మనసు చల్లబడింది.

కాసేపటికి ఒరతై వచ్చింది, చేతిలో జిగురన్నం పొట్లంతో.

"నీ కొండ అవ్వ వచ్చి వెళ్ళింది" అంది దరుణీ, తలెత్తకుండా.

"నాకు కొండ అవ్వెవరక్కా?"

"నటించకు. దుంపలన్నీ ఆవిడేగా తెచ్చిచ్చేది?"

"ఛ! నావి పన్నెండూ సర్కారు తోటలోవి. రకాల పేర్ల బోర్డులు చూసి పీక్కొచ్చా. చెబితే పరువు పోతుందని ఊరుకున్నా. నేను కొండెక్కడమా? జలగలంటే చచ్చేంత భయం నాకు!"

దరుణీ చేతిలోని కలం ఆగింది.

అప్పుడే కాపలాదారు బున్మీ గొడుగు దులుపుకుంటూ వచ్చాడు.

"అవ్వను బస్సెక్కించి వస్తున్నా. అబ్బ, ఎంత మురిసిపోయిందో! వాళ్ళూళ్ళో పెళ్ళయిన ప్రతి పిల్లకూ ఆవిడే తన పెరట్లోని ఒకే మొక్క నుంచి దుంప విరిచి ఇస్తుందట. ఊరంతా అదే మొక్క!"

ముప్పై ఆరు పెరళ్ళు. ఒకే మొక్క.

"మరి... ఆ ఏడు పొట్లాలు, బాబాయ్?" ఆటోక్లేవ్ వైపు చూస్తూ అడిగింది దరుణీ.

"అవి వేరే రకాలట. ఎవరికీ ఇవ్వదట. తల్లి నుంచి కూతురికే దక్కాలట. అవి పెరిగే కొండవాలు రబ్బరు తోటకు పోయిందని, ఉన్నవన్నీ తవ్వి తెచ్చేసింది."

"ఆవిడ కూతురు ఇక్కడ పనిచేస్తోందా?" ఆశ్చర్యపోయింది ఒరతై.

పని పూర్తయినట్టు ఆటోక్లేవ్ గంట కొట్టింది.

"ఆవిడకు కూతుళ్ళెక్కడున్నారమ్మా! మూడేళ్ళ కిందట ఒక పిల్ల వాళ్ళూరొచ్చి, ప్రతి మొక్కనూ అడిగి, దాని మొదలు దగ్గర బియ్యం పోసి మరీ తవ్వుతుంటే కంచె అవతల నుంచి చూసిందట. 'నా కూతురు దొరికింది' అని ఆ రోజే అనుకుందట" అన్నాడు బున్మీ.